తల్లికి పంపిన బండి

గుజరాతు రాష్ట్రమందలి సూరతు నగరములో ఆల్థాన్ అను ప్రాంతము కలదు. ఒకప్పుడు ఊరి వెలుపలి పల్లె. నేడు ఎత్తైన నివాస భవనములతో నగరములో కలిసిపోయినది. సూరతు తెలుగువారికి క్రొత్త ఊరు కాదు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి నేతపని యెరిగిన కుటుంబములు మరమగ్గములను నమ్ముకొని అచ్చటికి వలసవెళ్లి, లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. నగరపాలక సంస్థవారు తమ ప్రాథమిక పాఠశాలలలో కొన్నింటిని తెలుగు మాధ్యమమున నడుపునంతగా వారి సంఖ్య పెరిగినది.

అట్టి యొక కుటుంబమును పాఠకుడు తలంచుకొనవచ్చును. తండ్రి మగ్గముల హోరులో ముప్పది యేండ్లు నిలువుకాళ్ల మీద పని చేసి గతించెను. తల్లి చీరలకు అంచులు కుట్టి ఇద్దరు కుమారులను చదివించెను. ఇప్పుడామెకు డెబ్బది యెనిమిది యేండ్లు. మోకాళ్లు అరిగిపోయినవి. చిన్న కుమారుడు ఆల్థాన్‌లో లిఫ్టు ఉన్న యింట ఆమెను తనయొద్ద ఉంచుకొన్నాడు. పెద్ద కుమారుడు అమెరికాలో ఉన్నాడు. అతడొకనాడు ఫోనుచేసి, రాబోవు శీతకాలమున తల్లిని పిలిపించుకొని ఫ్లోరిడానుండి బయలుదేరు విహారనౌకలో వారము దినములు సముద్రము మీద త్రిప్పెదనని చెప్పెను. ఆమె నడువనక్కరలేదట. కూర్చుండి నడుపుకొను బ్యాటరీ బండిని అద్దెకు మాట్లాడి, ఓడలోని గదికే తెప్పించునట.

తల్లి ఒక్క మాట అనెను: "నడవరానిదానికి ఓడ ఎందుకు కొడుకా?"

ఆ మాటపై అన్నదమ్ములిద్దరికి వాదము పడినది. అమ్మ వద్దన్నది గనుక ఒత్తిడి చేయరాదని చిన్నవాడు. అమ్మ ఏనాడు తనకు కావలెనని నోరు తెరచి అడిగినది గనుక, ఆమె వద్దనుటను నమ్మరాదని పెద్దవాడు. ఇద్దరును తల్లిని ప్రేమించువారే. ఇద్దరును ఆమెను సన్మానించుచున్నామనియే తలంచుచున్నారు. ఈ కుటుంబము కల్పితమే గాని, ఈ వాదము కల్పితము కాదు. పిల్లలు పలుదేశములకు చెదరిపోయిన తెలుగు యిండ్లలో ఇది ఏదో యొక రూపమున జరుగుచునే యున్నది. దీనిలో ఎవరిది న్యాయము?

మొదట ఆ బండి యెట్టిదో చూడవలెను. దానిని మొబిలిటీ స్కూటరు అందురు. మూడు గాని నాలుగు గాని చక్రములు, ఒక కుర్చీ, ముందు సైకిలుకు వలె హ్యాండిలు, కుర్చీ క్రింద బ్యాటరీ. 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున అలెన్ థీమ్ అను ఒక మనుష్యుడు దీనిని తయారుచేసెను. ఆయన పెద్ద శాస్త్రజ్ఞుడు కాడు. ఇండ్లకు నీటి గొట్టములు బిగించు పని చేయువాడు. నరముల వ్యాధిచే నడక కోల్పోవుచున్న తన కుటుంబీకురాలి కొరకు దానిని చేసెను. అనగా ఈ బండి పుట్టినదే ఒక యింటివారు తమ యింటివారి అవస్థను చూచి ఓర్వలేకపోవుటవలన.

చక్రముల కుర్చీకిని దీనికిని భేదము చిన్నదిగా కనబడును. అయితే ఇచ్చటి ప్రశ్నకు ఆ భేదమే ముఖ్యము. చక్రముల కుర్చీని చాలమంది వృద్ధుల విషయములో వెనుకనుండి మరియొకరు నెట్టుదురు. నెట్టువాడు ఎటు త్రిప్పిన అటు పోవలెను. అతడు నిలిచినచోట నిలువవలెను. కూర్చున్నవారు వెనుకకు తిరిగి అతని ముఖము చూడనైన లేరు. స్కూటరుపై కూర్చున్న వృద్ధురాలు తానే త్రిప్పుకొనును. పండ్ల బల్లయొద్ద ఆగవలెనన్నను, పాటలు వినబడుచోటును దాటిపోవలెనన్నను ఎవరిని అడుగనక్కరలేదు.

ఓడలో దీనికి ఇబ్బందులు లేకపోలేదు. సాధారణపు గదుల తలుపులు ఇరుకైనవి. బండి పట్టు గదిని ముందుగానే అడిగి తీసికొనవలెను. అగ్ని ప్రమాదము వంటి వేళ దారికి అడ్డమగును గనుక బండిని బయటి నడవలో ఉంచనియ్యరు. రాత్రి గదిలోనే ఉంచి బ్యాటరీ నింపుకొనవలెను. కొన్ని రేవులలో ఓడ గట్టుకు చేరదు. దూరమున లంగరు వేసి, చిన్న పడవలలో జనులను దింపుదురు. ఊగుచున్న ఆ పడవలోనికి ఇట్టి బండిని ఎక్కించుట తరచుగా సాధ్యము కాదు. ఈ చివరి విషయము తరువాత మరల ఎదురగును.

నడవలేనిదానికి ఓడ యెందుకని ఆ తల్లి అన్నది. సూరతు చరిత్రలో దీనికి ఒక విధమైన జవాబు కలదు. మొగలుల కాలమున మక్కా యాత్రికులు ఈ రేవునుండియే ఓడ యెక్కుచుండిరి. 1576లో అక్బరు చక్రవర్తి మేనత్తయైన గుల్బదన్ బేగము రాజకుటుంబపు స్త్రీలతో ఇచ్చటనుండి బయలుదేరెను. అప్పటికామెకు ఏబది యేండ్లు దాటినవి. ఆమె తండ్రియైన బాబరు అంతఃపురమునకు చెందిన గుల్నార్ అఘాచా అను స్త్రీయు ఆ గుంపులో ఉండెను. ఆమె మరింత వృద్ధురాలు. సముద్రముపై అధికారము చెలాయించుచున్న పోర్చుగీసువారి అనుమతి పత్రము కొరకు వారందరును చాల నెలలు సూరతులో కనిపెట్టుకొని యుండవలసి వచ్చెను. తిరిగి రాజధాని చేరునప్పటికి 1582వ సంవత్సరము వచ్చినది. ఆ కాలపు ఘనురాండ్రు వీధిలో నడచుట అరుదు, పల్లకీలలో పోవుదురు. తాము ఇతరుల భుజములమీద పోవుచున్నామని వారిలో ఎవరును సిగ్గుపడియుండరు. పల్లకీ ఎక్కుట గొప్పతనమునకు గురుతు.

మరియొక దృశ్యము కలదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలలో దారిలేని గూడెములనుండి రోగులను, గర్భిణీ స్త్రీలను, వృద్ధులను నేటికిని డోలీ కట్టి మోసికొని వచ్చుచున్నారు. ఒక కఱ్ఱ, దానికి కట్టిన దుప్పటి, ఇరువైపుల ఇద్దరు మనుష్యులు. వారికి అది గొప్పతనము కాదు, దారి లేకపోవుటవలన వచ్చిన గతి. డోలీలోని మనుష్యుడు సిగ్గుపడవలసిన పని లేదు. సిగ్గుపడవలసినవారు వేరొకచోట ఉన్నారు.

పల్లకీలోనివాడును మోయబడుచున్నాడు, డోలీలోనివాడును మోయబడుచున్నాడు. మరి ఒకటి ఘనతగాను, ఒకటి దైన్యముగాను ఎందుకు తోచుచున్నది? పల్లకీలోనివాడు ఎచ్చటికి పోవలెనో తానే చెప్పును. డోలీలోనివానిని కొనిపోవుదురు. కాళ్లు నేలమీద లేకుండుటవలన మనుష్యుడు చిన్నవాడు కాడు. తాను పోవుచోటు తన మాటవలన కాక ఇతరుల మాటవలన నిర్ణయమగునప్పుడు చిన్నవాడగును. శ్రవణకుమారుని కావడి కథ తెలుగు దేశమున ఎరుగనివారు లేరు. ఆ కథలో భుజము కుమారునిదే అయినను, యాత్ర తలిదండ్రులది. కథ చెప్పువారు భుజమును పొగడుదురు గాని ఈ సంగతిని అంతగా పట్టించుకొనరు.

తలిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞ అందరికిని తెలిసినదే. అచ్చట సన్మానించుట అని తెలుగులో చదువు మాటకు హెబ్రీ భాషలో మూలార్థము బరువు. తేలికగా చూడక, బరువుగలవారినిగా ఎంచుమని దాని భావము. ఇది కొంత ఆలోచింపదగిన సంగతి. ఏలయనగా మన తల్లులు వృద్ధాప్యమందు తరచుగా అను మాట, నేను మీకు బరువైతిననియే. వారు ఆ మాటను దుఃఖముతో అందురు. పిల్లలు వెంటనే, లేదమ్మా, నీవేమి బరువు అని తేలికచేసి చెప్పుదురు. అది ప్రేమతో చెప్పినదే. అయినను తల్లి మోకాళ్లు, ఆమె మందులు, రాత్రివేళ ఆమె నాలుగుసార్లు లేచుట, ఇవి బరువు కావని చెప్పుట అబద్ధము. ఆమెకును అది అబద్ధమని తెలియును. అవును, బరువే, ఆ బరువు మాకు కావలెను అని చెప్పగలవాడే నిజము చెప్పినవాడు.

పరిశుద్ధ గ్రంథమందు బండి యెక్కిన వృద్ధుడొకడు ఉన్నాడు. యోసేపు ఐగుప్తునుండి తన తండ్రికి బండ్లు పంపెను. ఆ బండ్లు యోసేపు సొంతవి కావు. ఫరో సెలవువలన దొరకినవి. అద్దె బండిలో తల్లిని ఊరేగించుట నామోషీ అనుకొను కుమారులకు ఇది చాలును. అయితే యాకోబు నడచిన విధమును గమనింపవలెను. కుమారుడు బ్రదికియున్నాడను మాటలు విన్నప్పుడు ఆయన నమ్మలేదు, మనస్సు మొద్దుబారినది. బండ్లను కన్నులార చూచిన తరువాతనే ఆయన ప్రాణము తెప్పరిల్లినది. మాటలు చేయలేనిదానిని చక్రములు చేసినవి. వృద్ధులు అనేకులు ఇట్లే యుందురు. రమ్మను పిలుపును వారు మర్యాదగా ఎంచుదురు. తమ నడుమునొప్పిని, తమ మోకాళ్లను లెక్కలోనికి తీసికొని చేసిన ఏర్పాటును కన్నులతో చూచినప్పుడే, నిజముగా తమ్మును రమ్మనుచున్నారని నమ్ముదురు. మరియొక సంగతి. నూట ముప్పది యేండ్ల ఆ వృద్ధుడు బండి యెక్కినను, పగ్గము విడిచిపెట్టలేదు. తన కిష్టమైనచోట, బెయేర్షెబాలో, ఆగెను. దేవుడు భయపడవద్దని చెప్పిన తరువాతనే ముందుకు సాగెను. చనిపోయిన తరువాత తన దేహమును ఐగుప్తులో ఉంచరాదని కుమారునిచేత ప్రమాణము చేయించుకొనెను.

యాకోబు కథ పెద్ద కుమారుని పక్షమున ఉన్నట్లున్నది. అయితే రానని చెప్పిన వృద్ధుడును ఉన్నాడు. గిలాదీయుడైన బర్జిల్లయి యెనుబది యేండ్లవాడు. దావీదు కష్టకాలమున మహనయీములో ఆయనకు భోజనపదార్థములు పంపినవాడు. రాజు తిరిగి యెరూషలేమునకు పోవుచు, నాతోకూడ రమ్ము, నిన్ను పోషించెదనని పిలిచెను. ఆయన ఒప్పుకొనలేదు. తాను తినుదానికి రుచి తెలియదట. గాయకుల పాట వినబడదట. రాజునకు తాను భారముగా నుండుట ఎందుకట. తన ఊరిలో తలిదండ్రుల సమాధియొద్ద చనిపోనిమ్మనెను. విందు భోజనములు, గాయకుల పాటలు! నేటి విహారనౌక ప్రకటనలలో ఉండునవి సరిగా ఇవియే. దావీదు ఆయనను బలవంతపెట్టలేదు. ముద్దుపెట్టుకొని, దీవించి, తన చోటికి పోనిచ్చెను. బర్జిల్లయి పంపిన కింహామును వెంట తీసికొనిపోయెను.

ఒకరు ఎక్కిరి, ఒకరు ఎక్కలేదు. ఇద్దరును సన్మానింపబడిరి. కాబట్టి ఎక్కించుటయే సన్మానము అనుటయు తప్పు. వద్దనిన వెంటనే ఊరకుండుటయే సన్మానము అనుటయు తప్పు. ఆల్థాన్‌లోని తల్లి యాకోబు వంటిదా, బర్జిల్లయి వంటిదా? చిక్కు ఇచ్చట ఉన్నది. బర్జిల్లయి చెప్పిన కారణములు రెండు విధములు. నాకు రుచి లేదు అనునది ఒకటి. నీకు భారమగుదును అనునది మరియొకటి. మొదటిది తన విషయము; దానికి ఎదురుచెప్పు హక్కు ఎవరికిని లేదు. రెండవది పిల్లల విషయము. దానికి పిల్లలు జవాబు చెప్పవచ్చును, చెప్పవలెను కూడ. మన తల్లులు ఒక్క మాటలో ఈ రెంటిని కలిపివేయుదురు. నాకెందుకు బిడ్డా అనుటలో, నాకు ఇష్టము లేదు అనునది ఎంత, మీ డబ్బు దండుగ అనునది ఎంత, నలుగురిలో పడిపోయెదనేమో అను భయము ఎంత?

దానిని తెలిసికొనుటకు వాదనవలన ప్రయోజనము లేదు. చిన్న పనులవలన ఉన్నది. ఆల్థాన్‌నుండి హజీరా రేవు దూరము కాదు. 2020 నవంబరులో హజీరానుండి ఖంభాతు సింధుశాఖకు ఆవలనున్న ఘోఘాకు పెద్ద ఓడ నడచుట ప్రారంభమైనది. రోడ్డున పోయిన యెడల 370 కిలోమీటర్లు చుట్టి పోవలెను. నీటిమీద 90 కిలోమీటర్లు మాత్రమే, సుమారు నాలుగు గంటల ప్రయాణము. లారీలు, కార్లు, మనుష్యులు అందరును అదే ఓడలో ఎక్కుదురు. ఫ్లోరిడాకు పోవుటకు ముందు చిన్న కుమారుడు, చక్రముల కుర్చీ నొకదానిని నాలుగు దినములకు అద్దెకు తెచ్చి, తల్లిని ఆ ఓడలో ఘోఘాకు తీసికొని పోయి రావచ్చును. సముద్రపు గాలి ముఖమునకు తగిలినప్పుడు ఆమె కన్నులలో ఏమి కనబడునో చూడవచ్చును. వచ్చిన తరువాత కూడ వద్దన్న యెడల అది తెలిసి చెప్పిన మాట. అంతటితో ఊరకుండవలెను.

ఆ ఓడ సంగతిలో ఒక చిన్న ముచ్చట ఉన్నది. 2017లో మొదట ఘోఘానుండి దహేజ్ అను రేవునకు ఓడ నడిపిరి. అచ్చట ఒండ్రు మేటవేసి, నీటి లోతు చాలక, ఆ మార్గము నిలిచిపోయినది. తరువాత హజీరాకు మార్చిరి. లోతు చాలనప్పుడు గట్టుకు రాలేకపోయినదని ఓడను ఎవరును నిందింపలేదు. వేరొక రేవును వెదకిరి. అరిగిన మోకాళ్లు మాత్రము తమ్మును తామే నిందించుకొనవలెనా?

ఇంతవరకు చెప్పినది తల్లిని గూర్చినది. కుమారులను గూర్చి చెప్పవలసినది ఇంకను మిగిలి యున్నది, అది కొంచెము కఠినమైనది. పెద్ద కుమారుడు తల్లికి ఏడు దినములు ఇచ్చుచున్నాడు. చిన్న కుమారుడును అతని భార్యయు ఏడాదికి మూడువందల అరువదియైదు దినములు ఇచ్చుచున్నారు. ఓడ మీద తీయు ఫొటోలు బంధువులందరికి చేరును. తెల్లవారుజామున మూడు గంటలకు కోడలు లేచి అత్తగారిని స్నానపు గదికి నడిపించుటకు ఫొటో ఉండదు. మన యిండ్లలో గొప్ప కానుక తెచ్చిన కుమారుని పేరు వీధిలో వినబడును; గంజి కాచి యిచ్చిన కోడలి పేరు వంటయింటి గడప దాటదు. చిన్న కుమారుడు వద్దనుటలో తల్లి మాటపై గౌరవము కొంత యున్నను, అన్నమీది నొప్పియు కొంత ఉండవచ్చును. పెద్ద కుమారుని ఉత్సాహములో తల్లిమీది ప్రేమ యున్నను, దూరముగా ఉన్నందుకు మనస్సాక్షికి చెల్లించుకొను బాకీ కొంత ఉండవచ్చును. ఇవి పాపములని చెప్పుటకు ఎవరికిని నోరు రాదు; మనుష్యుల ప్రేమ ఇట్టి కలుపుతోనే పండును. కాని కలుపు ఉన్నదని యెరుగుట మంచిది. ఈ ప్రయాణము ఎవరి కొరకు అని పెద్దవాడు తన్ను తాను అడుగుకొనవలెను. తల్లి రాకపోయినను, తమ్ముడును మరదలును ఒక నెల విశ్రమించుటకు అదే డబ్బును ఇచ్చుటకు తన చేయి ముందుకు వచ్చునా? వచ్చునని చెప్పగలిగిన, ఓడకు పెట్టు ఖర్చు శుద్ధమైనది.

ప్రభుత్వము 2007లో తలిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. తమ్మును తాము పోషించుకొనలేని తలిదండ్రులు పిల్లలనుండి ఆహారము, వస్త్రము, నివాసము, వైద్యము పొందుటకు ఆ చట్టమువలన అడుగవచ్చును. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించుటకు అందులో ఏర్పాటు ఉన్నది. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల చెరయో, 5,000 రూపాయల జరిమానాయో, రెండునో విధింపవచ్చును. అట్టి చట్టము అవసరమైనందుకు సిగ్గుపడవలెను; ఉన్నందుకు సంతోషింపవలెను. ఆల్థాన్‌లోని ఆ కుమారులు చట్టము ముందు ఎన్నడును నిలువనక్కరలేదు. అయినను నీకు సముద్రము చూడవలెనని ఉన్నదా అని తల్లిని అడుగుట చట్టమునకు సాధ్యము కాదు.

తల్లి ఒప్పుకొన్నదనియే అనుకొందురు గాక. ఓడలో అసలు పరీక్ష ఆరంభమగును. గదిలో బండి సిద్ధముగా ఉన్నది. దాని హ్యాండిలు మీద వేగమును మార్చు గుండ్రని మీట యొకటి ఉండును. అనేకమైన బండ్లలో ఒక ప్రక్కను తాబేలు బొమ్మ, మరియొక ప్రక్కను కుందేలు బొమ్మ వేసియుందురు. చదువురానివారికిని అర్థమగును. అమ్మ ఏమి చేయునో యని కుమారునికి భయము. ఎవరి కాలిమీద ఎక్కించునో, లిఫ్టు తలుపునకు కొట్టుకొనునో, దారి తప్పి యే అంతస్తులో నిలిచిపోవునో. బండి యిచ్చినదే ఆమె తన యిష్టము వచ్చినట్లు తిరుగవలెనని. అయినను మొదటి పూటనే అతని చేయి హ్యాండిలు మీదికి పోవును. నేను నడిపించెద నుండమ్మా అనును. అతడు ఆ మాట అన్న క్షణమున స్కూటరు చక్రముల కుర్చీ యగును. ఆమెకు నడచుట నేర్పినప్పుడు అతని తల్లి చేసినదేమో అతడు జ్ఞాపకము చేసికొనిన చాలును. బిడ్డ వ్రేలును ఏదో యొక దినమున ఆమె విడిచిపెట్టినది, అతడు పడినాడు, మరల లేచినాడు.

మీటను తాబేలు బొమ్మ దగ్గర పెట్టి, ఇతరుల మడమలను కాచుకొనవలెనని ఒక్క మాట చెప్పి, తక్కినది ఆమెకు విడిచిపెట్టుట మేలు. నడువగలవారికి ఆ నడవలు ఎంత అవసరమో బండివారు ఎరుగవలెను గదా! ఉదయముననే ఆమె ఒంటరిగా లేచి డెక్కు మీదికి పోయి, ఎవరును నిద్ర లేవకముందు నీళ్లను చూచి వచ్చిన యెడల, కుమారుడు కోపగింపరాదు. అతని గుండె కొట్టుకొనుట సహజమే. ప్రమాదము లేదని ఎవరును చెప్పలేరు. ప్రమాదమేమియు లేని బ్రదుకు కావలెనన్న, ఆల్థాన్‌లోని గదిలో మంచమొకటి ఎల్లప్పుడును సిద్ధముగానే యున్నది.

చిన్న పడవలతో దింపు రేవు వచ్చును. బండి దిగదు. ఆమె దిగలేదు. అందరును గట్టుకు పోవుచున్నారు. మనుమలు టోపీలు పెట్టుకొని వాకిట నిలుచున్నారు. తల్లి, మీరు పోయి రండి, నేను ఇక్కడనే కూర్చుందును అనును. ఇది మరల అదే ప్రశ్న. కుమారుడు ఉండిపోవలెనా, పోవలెనా? ఉండిపోవుటయే ప్రేమయని మొదట తోచును. అయితే గడియారము చూచుచు, పోయినవారి ఫొటోలు చూచుచు ఆమె ప్రక్కన కూర్చున్నవాడు, నీవలన నేను పోలేదు అని నోటితో చెప్పకయే చెప్పుచున్నాడు. అట్టి తోడుకంటె పోవుటయే మేలు. పోవువాడు తిరిగివచ్చు గంట చెప్పి, ఆ గంటకు రావలెను. ఉండువాడు ఉండుటకు ఇష్టపడి ఉండవలెను. ఆమె మగ్గముల కాలపు కథ చెప్పిన వినవలెను, చెప్పనియెడల ఊరక సముద్రమును చూడవలెను. ఇచ్చట సూత్రమేదియు పనికిరాదు. దినమునకు దినము, మనుష్యునికి మనుష్యుడు వేరు. వృద్ధురాలు నిజముగానే ఒంటరిగా ఒక పూట గడుపగోరవచ్చును. ఎల్లప్పుడును ఎవరో యొకరు తనను కనిపెట్టుచుండుట ఎంత అలసటయో, కనిపెట్టువారికి తెలియదు.

బర్జిల్లయి కథలో తరచుగా చదువరుల కంటికి చిక్కని మాట యొకటి ఉన్నది. ఆయన యెరూషలేమునకు రానన్నాడు గాని, గడపలోనే నిలిచిపోలేదు. ఎనుబది యేండ్ల వయస్సున రోగెలీమునుండి దిగివచ్చి, రాజుతోకూడ యొర్దాను దాటి కొంత దూరము వచ్చెదనని తానే చెప్పెను, ఆలాగే దాటెను. ఎంత దూరమో ఆయనయే నిర్ణయించుకొనెను.

ఆల్థాన్‌లో మూడు దినములు ఆ ప్రస్తావన ఎవరును ఎత్తలేదు. అన్నయు తమ్ముడును ఫోనులో పొడిపొడిగా మాట్లాడుకొనిరి. నాలుగవ దినము సాయంకాలము, కోడలు చిక్కుడుకాయలు ఒలుచుచుండగా, తల్లి బాల్కనీలో కుర్చీ మీద కూర్చుండి వీధిలో పోవు స్కూటర్లను చూచుచు, ఎవరిని ఉద్దేశించి కాకుండ అడిగెను:

"ఆ బండికి బ్రేకు ఏ చేతికుంటది?"

కోడలు చేతిలోని చిక్కుడుకాయను పళ్లెములో పెట్టి, లోపలనున్న భర్తను పిలిచెను. అతడు అప్పటికప్పుడే అన్నకు ఫోనుచేసి అడిగి, తల్లి దగ్గరకు వచ్చి చెప్పెను. వేరుగ బ్రేకు పట్టనక్కరలేదు. చేతి క్రింది మీటను నొక్కియున్నంతసేపు అది పోవును. చేయి తీసిన యెడల తనంతట తానే నిలిచిపోవును.